పన్నెండో తుపాకి

మొసళ్ల మడుగులో పడవ మునిగిన మూడో రోజు పొద్దున, రత్నకుంభ రాజ్యపు ఆయుధశాల పెద్ద శరభాచారి వేటగాడి వేషంలో ధూమదుర్గం సింహద్వారం చేరాడు. పడవవాడు చేరలేదు. వాడి తలపాగా ఇప్పుడు శరభాచారి తలకు చుట్టి ఉంది. వాడి పాత వత్తి తుపాకి శరభాచారి భుజాన వేలాడుతోంది. వాడు మునిగే ముందు చెప్పిన మాట చెవిలో ఇంకా ముసురుతూనే ఉంది: "పున్నమినాటి మధ్యాహ్నం మీ తమ్ముణ్ణి చంపుతారంట ఆచారీ. ఊరూరా దండోరా వేశారు."

పున్నమి ఆ రోజే.

ధూమదుర్గం పేరుకు తగ్గ కోట. ఏడు చుట్ల నల్లరాతి గోడలు, ఆ గోడల లోపల రాత్రింబవళ్లు ఆరని వంద కొలుములు. వాటి పొగకు నడి ఆకాశంలో సూర్యుడు సైతం తోమని రాగిచెంబులా కనిపిస్తాడు. బురుజుల మీద వాలిన గద్దలు మసిబారి కాకుల్లా ఉన్నాయి. సింహద్వారానికి అటొకటి ఇటొకటి రెండు ఫిరంగులు. ఒకదాని పేరు ఆకలి, రెండోదాని పేరు దప్పిక. వాటి నోటికి కుంకుమ అద్దారనుకుని దగ్గరికి వెళ్లి చూసినవాడు మళ్లీ అటు చూడడు. అది కుంకుమ కాదు.

ఆ కోటకు ఏలిక కాలభస్ముడనే మాంత్రికుడు. మూడేళ్ల కిందట అతని మనుషులు రత్నకుంభం పొలిమేరల మీద పడి శరభాచారి తమ్ముడు సోమాచారిని ఎత్తుకుపోయారు. తుపాకి గొట్టం పోతపోసినట్టు కుదిరించడంలో ఆ కాలాన సోమాచారికి సాటి లేరు. ఆ చేతులకు సంకెళ్లు వేసి పన్నెండు తుపాకులు చేయించాడు మాంత్రికుడు. ఎందుకంటే అతని దగ్గర ఒక మంత్రం ఉంది. తుపాకి పేల్చిన మొదటి గుండు దాన్ని చేసినవాడి రక్తమే తాగితే, ఆ తర్వాత దానికి గురి తప్పడమన్నది ఉండదు. ఎవరి గుండెను తలుచుకుని మీట నొక్కితే ఆ గుండెనే వెతుక్కుంటూ పోతుంది. అలాంటిది ఒక్కటి చాలు, రత్నకుంభం యువరాజు బతుకు తెల్లారిపోవడానికి. కాలభస్ముడు పన్నెండు కోరుకున్నాడు. దురాశకు లెక్కేముంది!

అయితే నిజం చెప్పుకోవాలి, శరభాచారి మడుగు ఈదింది యువరాజు కోసం కాదు. అమ్మ పోతూ పోతూ ఐదేళ్ల సోమూను అతని ఒళ్లో కూర్చోబెట్టి పోయింది. రాజ్యం, రాజు, ధర్మం అన్నీ ఆ తర్వాతే.

సైన్యంలో చేరడానికి వచ్చిన ముప్పైమందిలో అతనూ కలిసిపోయాడు. దళవాయి కందళుడు ద్వారం దాటి బయటికొచ్చాడు. ఆరడుగుల మనిషి, మెడలో పులిగోళ్లు. వచ్చీ రాగానే గొంతు చించుకుని అరిచాడు.

"బారు!"

ఇరవై తొమ్మిదిమంది దండకు గుచ్చినట్టు ఒక వరుసలో నిలబడ్డారు. శరభాచారి మాత్రం తుపాకి నేలకానించి, మందు కొమ్ము మూత పంటితో పీకి, గొట్టంలో మందు పోసి, గుండు జారవిడిచి, దట్టించే ఇనుప గజాన్ని సగందాకా దించేశాడు. అప్పటిగ్గాని తను చేస్తున్న పనేమిటో అతనికి తెలియలేదు.

రత్నకుంభంలో 'బారు' అంటే తుపాకి దట్టించమని. ఏడో ఏట నుంచి ఆయుధశాల వాకిట్లో ఆ కేక వింటూనే పెరిగాడు. ఈ కొండసీమలో 'బారు' అంటే వరుసగా నిలబడమని. మాట ఒకటే, అర్థం వేరు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. శరభాచారి పుడకలు అప్పుడే పేర్చుకున్నట్టయింది.

"ఏయ్ తలపాగా!" అన్నాడు కందళుడు దగ్గరికి వచ్చి. "వరసలో నిలబడరా అంటే తుపాకి దట్టిస్తున్నావేం? ఎవణ్ణి కాలుద్దామని?"

"అయ్యా, మడుగులో పెరిగినోణ్ణి. వరసలూ గిరసలూ మాకేం తెలుసు? ఎవరైనా గట్టిగా అరిస్తే మొసలొచ్చిందనుకుని దట్టించేస్తాం."

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. కందళుడూ నవ్వాడు గాని చూపు మాత్రం శరభాచారి వేళ్ల మీదే ఉంచాడు. ఒక్క పలుకు మందు కూడా నేల రాలలేదు.

"మొసళ్లు కొట్టేవాడికి చెయ్యి బాగానే కుదిరిందే," అంటూ తన భుజాన ఉన్న తుపాకి తీసి విసిరాడు. "ఇదెలాంటిదో చెప్పు చూద్దాం."

తెలియదయ్యా అంటే సరిపోయేది. కానీ తాగుబోతు ముందు కల్లుకుండ పెట్టి రుచి చూడొద్దంటే ఆగుతాడా? బంగారు పూత పూసిన గొట్టం, కొసన పులినోరు, భుజానికానే కొయ్య మడమ మీద దంతపు పువ్వులు. శరభాచారి దాన్ని ఒకసారి చేతుల మధ్య తూచాడు, అంతే, నోరు తెరుచుకుంది.

"చూడ్డానికి చెకుముకి తుపాకి. నిజానికి వత్తి తుపాకికి చెకుముకి మీట తగిలించారు. రాయి వాలాల్సిన చోట వాలకుండా పక్కకి కొడుతోంది. పదిసార్లు నొక్కితే నాలుగుసార్లు నిప్పు రాదు. మడమ సన్నం, దెబ్బంతా దవడకే. ఇక ఈ పులినోరు, అయ్యా, నోరు పెట్టినంత మాత్రాన గుండుకి కోరలు మొలవవు. ముందు బరువెక్కువై గురి కిందకి దిగుతుంది. మీరు పెద్దపులిని గురి చూస్తే దాని కాళ్ల దగ్గరి చీమ చస్తుంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. కందళుడు తన దవడ ఒకసారి తడుముకున్నాడు. అక్కడ నల్లగా కమిలి ఉంది.

"నాకు ఇలాంటివాడే కావాలి," అన్నాడు చివరికి. "ఇవాళ మధ్యాహ్నం పన్నెండు తుపాకులు పేలాలి. పట్టుకునేందుకు ఖైదీలు పదకొండుమందే మిగిలారు. పన్నెండోవాడు రాళ్లగనిలో పొద్దున్నే చచ్చాడు. మా కోటవాడెవడూ ముట్టుకోడు. కమ్మరిని చంపినవాడి ఇంట పొయ్యి మళ్లీ రాజుకోదంటారు మా కొండల్లో. నీకేం, నువ్వు మడుగోడివి. మనిషిని కాల్చావా ఎప్పుడైనా?"

"కమ్మరిని మాత్రం కాల్చలేదయ్యా," అన్నాడు శరభాచారి.

"ఇవాళ కాలుద్దువు గాని. ముందు ఆయుధశాలకి పోయి ఆ పన్నెండూ సరిచూడు."

*

శరభాచారికి తుపాకులంటే ఎంత పిచ్చి అంటే, "నన్ను కూడా ఓ గొట్టంలో పెట్టి గోడకి తగిలించండి, అప్పుడైనా చూస్తారు," అనేది అతని భార్య. ధూమదుర్గం ఆయుధశాలలో అడుగుపెట్టగానే తను వచ్చిన పని కూడా ఒక్క క్షణం మరిచాడు. ఆ సంగతి తలుచుకుని తర్వాత చాలాకాలం సిగ్గుపడ్డాడు.

వెయ్యి స్తంభాల మండపమంత శాల. ఓడిన రాజ్యాల తుపాకులన్నీ గోడల నిండా వేలాడుతున్నాయి. మొదటి గోడకు ముత్తాతల నాటివి, ఒట్టి ఇనుప బొంగులు. చంకలో ఇరికించుకుని, ఇంకొకడు నిప్పు అంటిస్తే పేలేవి. అవి శత్రువు కంటే ఆసామినే ఎక్కువ చంపి ఉంటాయి. వాటి పక్కన ఏనుగు అంబారీ మీద బిగించే రెండు నిలువుల తుపాకులు. పేల్చినప్పుడల్లా ఏనుగు బెదిరి సొంత దళాన్నే తొక్కేదని తాత చెప్పిన సంగతి గుర్తొచ్చింది. ఆపైన వత్తి తుపాకులు. మండే తాడును పాముతల కొక్కెం పట్టుకుని ఉంటుంది. మీట నొక్కితే పాము వంగి రంజకాన్ని, అంటే గిన్నెలో పోసిన నిప్పుమందును, కాటు వేస్తుంది. ఆ ఆలోచన వచ్చినవాడికి చేతులెత్తి మొక్కాలి అనుకున్నాడు శరభాచారి. కాకపోతే వాన చినుకు పడితే పాముకు కోరలు ఊడినట్టే. పొదలో దాక్కున్నా తాడు కాలే వాసన పట్టించేస్తుంది. దాని తర్వాతే చెకుముకి వచ్చింది. రాయి, ఉక్కు, ఒక నిప్పురవ్వ. మనిషి నిప్పును పిడికిట్లో పెట్టుకుని తిరగడం అప్పుడే నేర్చాడు.

ప్రతి తుపాకి మడమ మీదా అరిగిన చోటు ఒకటుంది, ఎవడో చెంప ఆనించిన చోటు. వందల చెంపలు. పనితనం ఎంత అందమైనదైనా దాని చివర ఎవడో ఒకడు నేలకొరగాల్సిందే. ఇంత కాలం ఈ ముక్క తెలియనట్టే బతికాడు శరభాచారి.

శాల నడుమ ఎర్రటి బట్ట మీద పన్నెండు తుపాకులు పేర్చి ఉన్నాయి. గొట్టం మొదట్లో బియ్యపు గింజంత చీమ గుర్తు. అది వాళ్ల ఇంటి గుర్తు. శరభాచారి కళ్లు చెమర్చాయి.

మొదటిది తీసి, కొయ్య అంచు వెంట గోరు పెట్టి లాగాడు. ఎడమవైపు కింద, కొయ్యకు ఆనుకుని, వెంట్రుక వాసి గీత తగిలింది. గొట్టం పొడవునా పోతోంది ఆ గీత.

గొట్టం చెయ్యడానికి రెండు పద్ధతులు. ఇనుప రేకును కడ్డీ మీద నిలువుగా వంచి, రెండంచులు కలిపి కాచి కొట్టడం ఒకటి. తొందరగా అవుతుంది గాని పొడవునా ఒకటే అతుకు, మందు బలం పెరిగితే పుచ్చకాయలా విచ్చుకుంటుంది. రెండోది, సన్నటి పట్టీని తలకు పాగా చుట్టినట్టు కడ్డీకి చుట్టి, చుట్టుకు చుట్టు కలిసేలా కొట్టడం. అది నెలల పని. దాన్ని పగలగొట్టడం మందుకు చేతకాదు. వాళ్ల వంశంలో ఏడు తరాలుగా చుట్టు గొట్టమే తప్ప నిలువు అతుకు ఎరగరు. రెండు గుండ్లు దట్టించినా బెదరదన్న పేరు నాలుగు రాజ్యాల్లో ఉంది.

తమ్ముడు పని మరిచాడా? రెండోది చూశాడు. అదే అతుకు. మూడు, నాలుగు... పదకొండింటికీ అదే చోట, అదే గీత. పని మరిచినవాడి అతుకు పదకొండుసార్లు ఒకే చోట పడదు.

పన్నెండోదానికి గీత లేదు. చుట్టు మీద చుట్టు, నీళ్లలో అలల్లాగ.

*

"సంకెళ్లవాణ్ణి అడిగి మందు కొలత కనుక్కుని రా," అని కందళుడే కొలిమికి పంపాడు. కాపలావాడు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. లోపల తిత్తుల హోరుకు పక్క మనిషి మాట కూడా వినిపించదు.

ఇనుము పెట్టి కొట్టే దాగలికి గొలుసుతో కట్టి ఉన్న మనిషిని శరభాచారి వెంటనే గుర్తుపట్టలేదు. ముప్పై ఏళ్లు నిండని తలమీద నల్ల వెంట్రుక లేదు. ఒక కన్ను నిప్పురవ్వకు తెల్లబడిపోయింది. కాలభస్ముడి కొలిమి పట్టుకారు మీద మాత్రం ఆ వేళ్లు వెనకటి లాగే ఉన్నాయి.

"మందు ఎంత పొయ్యాలట?" అన్నాడు శరభాచారి.

సోమాచారి తలెత్తలేదు. "గజం మీద మొదటి గీత దాకా. ఒక కొలత పోస్తే నూరేళ్లు కాలుస్తాయి. రెండు కొలతలు గనక..." పట్టుకారు ఆగిపోయింది. "అన్నయ్యా!"

"తలొంచుకునే మాట్లాడు."

"ఎందుకొచ్చావన్నయ్యా? ఇద్దరం పోతే ఇంట్లో కొలిమెవరు ముట్టిస్తారు?"

"నువ్వే ముట్టిద్దువు గాని. అతుకులు చూశాను. చెప్పు."

సోమాచారి గబగబా చెప్పాడు. "యుద్ధంలో కంగారుపడి ఎవడో ఒకడు రెండుసార్లు దట్టిస్తాడు, అప్పుడు ఒకటొకటే విచ్చుకుంటాయనుకున్నా. ఇవాళే నన్ను వాటి ముందు నిలబెడతారనుకోలేదు. కందళుడు కొలతకి గట్టివాడు. దగ్గరుండి ఒక్కసారే దట్టిస్తాడు."

"విచ్చుకుంటే పట్టుకున్నవాడి గతేంటి?"

"అతుకు ఎడమ కింద పెట్టాను. మొహానికి రాదు. ఎడమ చెయ్యి పోతుంది. ప్రాణం పోదు."

"పట్టుకునేదెవరో తెలుసా?"

"తెలుసు." సోమాచారి తల ఇంకా కిందికి దించాడు. "మన సైన్యంలోని పోతినాయుడి దళం. రాళ్లగనిలో సగం చచ్చారు. రోజూ నల్ల ఉమ్మెత్త కషాయం పోస్తున్నారు. పేరు పెట్టి పిలిస్తే పలకరు. అలవాటైన కేక వినిపిస్తే చాలు, ఆ పని చేసేస్తారు."

అలవాటైన కేక. శరభాచారి వేళ్లు పొద్దుటి మాదిరే మందు కొమ్ము మీదికి పోయాయి. పొద్దున సింహద్వారం దగ్గర జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పాడు. కందళుడి నోటి నుంచి ఇంకొక్కసారి ఆ మాట రప్పిస్తే చాలు, దట్టించినవాళ్లే మళ్లీ దట్టిస్తారు. సోమాచారి మూడేళ్లలో మొదటిసారి నవ్వాడు. వెంటనే ఆ నవ్వు ఆగిపోయింది.

"పదకొండు చేతులన్నయ్యా."

"పాపం నాది," అన్నాడు శరభాచారి. అతనికి ఏడుపొచ్చింది గాని ఏడవడానికి సమయం లేదు. "మరి పన్నెండోది ఎందుకురా అంత బాగా చేశావు?"

సోమాచారి సమాధానం చెప్పడానికి సిగ్గుపడ్డాడు. "పన్నెండోది కొలిమితల్లిది కదా. చెయ్యి రాలేదు."

వాళ్ల కులంలో అదొక కట్టుబాటు. కొడవలి చేసినా, కత్తి చేసినా, పన్నెండో పని తల్లిపేరు మీద చెయ్యాలి. అందులో లోపం చేస్తే ఆ చేతికి ఇక ఇనుము లొంగదు. శత్రువు కోటలో, సంకెళ్లలో, తన చావుకే చేస్తున్న తుపాకి విషయంలో కూడా సోమాచారి ఆ మాట దాటలేకపోయాడు. ఓరి పిచ్చి సన్నాసీ అని తిట్టాలనిపించింది శరభాచారికి. ఆ స్థానంలో ఉంటే తనూ అదే చేసేవాడని తెలుసు కాబట్టి తిట్టలేదు.

"సరే. ఆ పన్నెండోది పట్టుకునేది నేనే. అవి పేలిన గందరగోళంలో నా గుండు కాలభస్ముడికి. నీ గొలుసో?"

"నేను చేసిన గొలుసే. మేకు పీకితే ఊడుతుంది."

కాపలావాడు గుమ్మంలోంచి కేకేశాడు. అన్నదమ్ములు ఒకరినొకరు ముట్టుకోకుండానే విడిపోయారు.

*

మిట్టమధ్యాహ్నం. వధ్యభూమి చుట్టూ వేలమంది కోటజనం మూగారు. నడుమ రాతిస్తంభానికి సోమాచారిని గొలుసుతో కట్టారు. పోతినాయుడి దళం పదకొండుమందీ గాజుకళ్లతో తూలుతూ నిలబడ్డారు. పోతినాయుడితో శరభాచారి ఒకే పంక్తిలో భోజనం చేశాడు, ఒకే జాతరలో గంతులు వేశాడు. ఇప్పుడు నాయుడి చూపు అతని ముఖం మీంచి గోడ మీద జారినట్టు జారిపోయింది.

"మందు కూరండి!" అని కందళుడు అరిచాడు. ఆ మాటకు రెండు రాజ్యాల్లోనూ ఒకటే అర్థం. అందరూ దట్టించారు. కందళుడు ప్రతి గొట్టంలోనూ తనే గజం దించి కొలత చూశాడు.

"దొరా," అన్నాడు శరభాచారి వినయంగా, "కషాయం తాగినవాళ్లు ఈ ఎండకి కూలిపోయేలా ఉన్నారు. ప్రభువులవారు వచ్చేదాకా గోడ నీడన కూర్చోబెట్టనా?"

కందళుడు సరేనన్నాడు. శరభాచారి వాళ్లను గోడ వారన ఒకరి పక్కన ఒకర్ని కూర్చోబెట్టి, మందు కొమ్ములూ గుండ్ల సంచులూ ఎవరివి వాళ్ల ఒళ్లోనే ఉంచాడు.

కాలభస్ముడి రాకకు ఆ కోటలో ఒక మర్యాద ఉంది. పల్లకి కనిపించగానే అందరూ నేల మీద బోర్లా పడుకోవాలి. శంఖం ఊదేదాకా తలెత్తితే కళ్లు పోతాయి. తుపాకులు పట్టినవాళ్లు మాత్రం నిలబడి ఉండాలి. నగారా మోగింది. పొగమబ్బులోంచి పన్నెండుమంది బోయీలు మోస్తున్న నల్లపల్లకి తేలి వచ్చింది. కందళుడు ఇటు తిరిగి చూసేసరికి ఖైదీలు ఇంకా చతికిలబడే ఉన్నారు. గుండె జారిపోయి ఒక్క కేక పెట్టాడు.

"బారు!"

పెట్టి, నేల మీద బోర్లా పడ్డాడు.

పదకొండుమందీ లేచారు. పదకొండు కొమ్ముల మూతలు ఊడాయి. అంతమంది జనంలో ఒక్క దగ్గు కూడా వినిపించని ఆ వేళ, పదకొండు గజాలు గొట్టాల్లో దిగిన చప్పుడు శరభాచారికి ఉరుముల్లా వినిపించింది. అతని కుడిచెయ్యి కూడా దానంతట అది కొమ్ము మీదికి పోయింది. పళ్లు బిగించి దాన్ని తొడకు అదిమిపెట్టాడు. పొద్దుటి తప్పు మళ్లీ చెయ్యలేదు.

కానీ ఇల్లలకగానే పండగ కాదు. దుమ్ములో మొహం పెట్టుకున్నవాడికి కళ్లు పనిచెయ్యవు గాని, చెవులు పనిచేస్తాయి. శంఖం మోగింది. కందళుడు లేచి, మొహం తుడుచుకోకుండా, నేరుగా శరభాచారి దగ్గరికి వచ్చాడు.

"పొద్దున నేను బారు అంటే నువ్వేం చేశావురా మడుగోడా?"

శరభాచారి తుపాకి మీద పట్టు బిగించాడు.

"వీళ్లూ ఇప్పుడదే చేశారు. వీళ్లంతా రత్నకుంభం వాళ్లు." కందళుడు పన్నెండో తుపాకి లాక్కున్నాడు. "నీ ఊరి మాటే నిన్ను పట్టించింది. గూఢచారివి!"

ఈటెలు వీపున గుచ్చి శరభాచారిని స్తంభం దగ్గరికి తోశారు. ఎవడో బంటు భయంగా, "దళవాయీ, వాళ్లు రెండుసార్లు దట్టించేశారు," అన్నాడు.

"మంచిదే కదరా! ఈ ఇంటి గొట్టాలు రెండు గుండ్లకి బెదరవని లోకమంతా చెబుతుంది. ఒక గుండు బదులు రెండు తాగుతాయి." కందళుడు పన్నెండో తుపాకి భుజానికెత్తి, వరుసలో పన్నెండోవాడై నిలబడ్డాడు. "ప్రభువులకి పదకొండు చాలు. ఈ వేగులవాడు నా వంతు. వీడు కమ్మరి కాదు కదా, నా పొయ్యికేం భయం లేదు."

"అన్నయ్యా, తల్లి తుపాకి వాడి చేతిలో ఉంది," అన్నాడు సోమాచారి మెల్లగా. గొలుసు మేకు ఊడిన చప్పుడు శరభాచారికొక్కడికే వినిపించింది. "అది తప్పదు. నేను చేశాను కదా."

పల్లకి తెర కదిలింది. బూడిద పూసిన చెయ్యి ఒకటి బయటికొచ్చి గాలిలో కిందికి దిగింది.

"పేల్చండి!"

పదకొండు గొట్టాలు ఒక్కసారే విచ్చుకున్నాయి. నేల అదిరింది, గోడ మీది కాకులన్నీ లేచాయి. ఇనుప ముక్కలు చీమలదండులా గాలిలో చెదిరాయి. ఆ హోరులో పన్నెండో దెబ్బ విడిగా, శుభ్రంగా, గంట కొట్టినట్టు వినిపించింది. శరభాచారి గుండె మీద బరువుగా ఏదో పడింది. అది గుండు కాదు, సోమూ.

తర్వాత జరిగింది శరభాచారికి ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. పొగలోకి పరుగెత్తాడు. పక్కవాడి గొట్టం ముక్క తగిలి కందళుడు కంటి మీద చెయ్యి పెట్టుకుని మోకాళ్ల మీద ఉన్నాడు. శరభాచారి పన్నెండో తుపాకి లాక్కుని, మడమతో ఒకే ఒక దెబ్బ కొట్టాడు. ధూమదుర్గం దళవాయి ఇంట పొయ్యి రాజుకోవలసిన అవసరం ఇక లేకపోయింది.

పల్లకిలోంచి ఒక కేక వచ్చింది. అది కోపం కాదు, భయం. మంత్రం పండింది కదా! చేసినవాడి రక్తం తాగిన తుపాకి ఒకటి లోకంలో పుట్టింది. కాకపోతే అది రావలసిన చేతికి రాలేదు. "లోపలికి! లోపలికి పరుగెత్తండి!" అని మాంత్రికుడు అరుస్తుంటే బోయీలు పల్లకి ఎత్తుకుని లోకోట వైపు పడుతూ లేస్తూ పారిపోయారు. జనం తొక్కిసలాడుతూ చెల్లాచెదురయ్యారు. దూరాన లోకోట తలుపుల గొలుసులు గరగరమంటూ దిగడం మొదలైంది.

శరభాచారి తమ్ముడి తల ఒళ్లోకి తీసుకున్నాడు. ఐదేళ్లప్పుడు కూర్చున్న ఒళ్లే అది.

"పన్నెండోది..." సోమాచారి పెదవులు కదిలాయి. "కుదిరిందా అన్నయ్యా?"

శరభాచారి గొట్టం ఈ కొస నుంచి ఆ కొసకు తడిమి చూశాడు. ఇంకా వేడిగా ఉంది.

"కుదిరిందిరా. ఎక్కడా వెంట్రుక వాసి వదల్లేదు."

సోమాచారి తృప్తిగా తలాడించాడు. మళ్లీ ఆడించలేదు.

శరభాచారి గుండెలు పగిలేలా ఏడ్చాడు. ఎంతసేపో తెలియదు, ఎంతోసేపు అయ్యుండదు. భుజం మీద ఒక చెయ్యి పడింది. పోతినాయుడు. బాధకు కషాయం మత్తు వదిలిపోయింది. ఎడమ మణికట్టుకు పంచె చుట్టుకుని, కుడిచేత్తో అదిమి పట్టుకుని ఉన్నాడు. వెనకాల మిగతా పదిమంది, ఒకరి గుడ్డ ఇంకొకరు పంటితో బిగిస్తున్నారు.

"ఆచారీ... ఇదెక్కడ? నా చెయ్యేమైంది?"

"నేనే తీశాను నాయుడూ. తెలిసే చేశాను. తర్వాత నన్నేం చేసినా చెయ్యి."

పోతినాయుడు అతని వైపు చూశాడు. సోమాచారి శవం వైపు చూశాడు. సగం దిగిన లోకోట తలుపుల వైపు చూశాడు.

"ఆ సంగతి తర్వాత చూసుకుందాం. ఇప్పుడేం చెయ్యమంటావు?"

శరభాచారి తమ్ముడి తలను నేలమీద పదిలంగా దించి, తన తలపాగా విప్పి ముఖం మీద కప్పాడు. లేచి మందు కొమ్ము తీశాడు. ఎవరి గుండెను తలుచుకోవాలో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ముప్పై ఏళ్ల అలవాటు నోట్లోంచి తన్నుకొచ్చింది.

"బారు!"

పదకొండుమందీ ఒకరినొకరు చూసుకున్నారు. వాళ్ల దగ్గర తుపాకులు లేవు. ఉన్నా ఒంటిచేత్తో దట్టించడం ఎవరి వల్లా కాదు. ముందు పోతినాయుడు కదిలి శరభాచారి పక్కన నిలబడ్డాడు. అతని పక్కన రెండోవాడు, ఆ పక్కన మూడోవాడు. కొండసీమ అర్థంలో, వరుసగా, లోకోట తలుపులకు ఎదురుగా బారు తీరారు.

శరభాచారి గుండు జారవిడిచి, గజం దించాడు.